పిల్లల అల్లరిని దారిలో పెట్టడం ఎలా: ముందు ఒక నోట్‌బుక్ కొనండి

పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో మొదట వచ్చిన నాన్నగారు కుర్చీలో కూర్చోకుండానే చెప్పేశారు. "ఇంట్లో అసలు మాట వినడు మేడమ్. మీరే రెండు తగిలించండి, నేనేమీ అనుకోను." ఆయన వెనకే వచ్చిన తల్లి బాధ దీనికి సరిగ్గా ఎదురు. "ఇంట్లో వీడంత బుద్ధిమంతుడు లేడు మేడమ్. స్కూల్లోనే ఎందుకిలా చేస్తాడో!" ఇద్దరూ చెప్పింది నిజమే. ఏ చోట ఏది పనిచేస్తే పిల్లలు ఆ చోట అది చేస్తారు.

మాది మదనపల్లె. పెళ్లయి బెంగళూరు వచ్చాక కె.ఆర్.పురం దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో 14 ఏళ్లుగా చిన్న క్లాసులకు చెబుతున్నాను. నా క్లాసులో ఎప్పుడు చూసినా మూడోవంతు మనవాళ్లే: చిత్తూరు, అనంతపురం, కడప నుంచి వచ్చిన కుటుంబాలు. ఇంట్లో నాకూ ఇద్దరు పిల్లలు. కాబట్టి కింద రాసినదాంట్లో సగం టీచరుగా తెలిసింది, సగం తల్లిగా తప్పు చేసి నేర్చుకున్నది. ఇది నాలుగు నుంచి పదేళ్ల పిల్లల కోసం. మీకు కావాల్సింది ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను, రెండు వారాలు.

నోట్‌బుక్ తెరవకముందు ఒళ్లు చూడండి

పిల్లాడి బుద్ధి గురించి ఆలోచించే ముందు వాడి ఒంటి సంగతి తేల్చుకోండి. మొదటిది నిద్ర. మారతహళ్లిలో ఆఫీసు వదిలిన నాన్న ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. అప్పుడు ఆట మొదలు. పడుకునేసరికి పదకొండు. స్కూల్ బస్సు ఏడుంబావుకి వస్తుంది కాబట్టి ఆరున్నరకు లేపాలి. లెక్క వేస్తే ఏడున్నర గంటలు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికాలోని నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకైతే పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు. నిద్ర చాలకపోతే మనం ఆవలిస్తాం, పిల్లలు మాత్రం గంతులేస్తారు. "రాత్రి పదకొండింటికి కూడా ఎంత ఎనర్జీయో వీడికి" అని మురిసిపోయే తల్లిదండ్రులను నేను చాలామందిని చూశాను. అది అలసటండీ. పడుకునే టైమును ఒక్కసారిగా మార్చకుండా, రెండు మూడు రోజులకొకసారి ఇంకో పావుగంట ముందుగా పడుకోబెడుతూ రండి. నాన్నతో ఆటను పొద్దున బస్ స్టాప్‌కి నడిచే పది నిమిషాల్లోకి మార్చిన ఒక ఇంట్లో, పిల్లాడు నెల తిరిగేసరికి క్లాసులో వేరే మనిషిలా కనిపించాడు.

తర్వాత తిండి. ఏడింటికి గ్లాసు పాలు తాగి బస్సెక్కి, స్నాక్ డబ్బాలో చిప్స్ తెచ్చుకున్న పిల్లలతో పదకొండున్నరకు నా క్లాసు సంతలా ఉంటుంది. ఇంకో సంగతి ఇంట్లోవాళ్లకు తట్టదు. స్కూల్ బాత్రూమ్‌కి వెళ్లడం ఇష్టంలేక ఇల్లు చేరేదాకా బిగపట్టుకునే పిల్లలు ఉంటారు. ఇంటికి రాగానే అకారణంగా పేచీ పెడితే, అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. వెనకనుంచి పిలిస్తే పలకనివాడికి చెవులు, బోర్డు దగ్గరకొచ్చి కళ్లు చికిలించేవాడికి కళ్లు ఒకసారి పరీక్ష చేయించండి. జలుబు చేసినప్పుడు చెవిలో నీరు చేరి కొన్ని వారాలు సరిగా వినపడని పిల్లలను "లెక్కలేనితనం" అని తిట్టిన పాపం నాక్కూడా ఉంది.

రాయడం మొదలుపెట్టండి

ఇప్పుడు నోట్‌బుక్. పేజీలో నాలుగు గడులు గీయండి: ఎన్నింటికి, దానికి ముందు ఏం జరుగుతోంది, ఏం చేశాడు, ఆ తర్వాత ఏం జరిగింది. "అల్లరి చేశాడు", "మొండికేశాడు" అని రాయొద్దు. అవి మన తీర్పులు. వీడియో తీస్తే ఏం కనిపిస్తుందో అది రాయండి. "చెల్లెలి చేతిలోంచి బొమ్మ లాక్కుని సోఫా వెనక పడేశాడు" అంటే సరిపోతుంది. ముందు జరిగింది, చేసిన పని, తర్వాత జరిగింది అన్న మూడింటి ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరాలతో సైకాలజీ చదివినవాళ్లు దీన్ని ఏ-బి-సి పద్ధతి అంటారు.

నా పాత నోట్‌బుక్‌లోంచి ఒక వారం చూపిస్తాను. మూడో తరగతి పిల్లాడు. రోజూ ఎవరో ఒకరు వాడి మీద చాడీ చెప్పేవాళ్లు.

సోమవారం 10.50. బోర్డు మీద ఈవీఎస్ జవాబులు రాశాను, అందరూ ఎక్కించుకుంటున్నారు. ముందు బెంచీ అమ్మాయి జడ లాగాడు. బయట నిలబెట్టాను.

మంగళవారం 12.20. ఇంగ్లిష్ డిక్టేషన్. రబ్బరు విసిరాడు. బయట నిలబెట్టాను.

బుధవారం 9.40. నోటితో ఎక్కాలు. ఏమీ లేదు, అందరికంటే ముందు చెయ్యెత్తాడు.

బుధవారం 11.00. కన్నడ పాఠం ఎక్కించుకోవడం. పక్కవాడి పేజీ మీద అడ్డంగా గీత గీశాడు. మళ్లీ బయటికి.

శుక్రవారం సాయంత్రం ఈ పేజీ చదువుకుంటే నాకు సిగ్గేసింది. చేత్తో రాయాల్సినప్పుడల్లా గొడవ. గొడవ జరిగినప్పుడల్లా బయటికి. బయట కారిడార్‌లో మా ఆయమ్మ స్టూలు మీద కూర్చుని ఉంటుంది. కోలారు వైపు మనిషి, తెలుగు బాగా వచ్చు. "ఏం నాయనా, మళ్లా వచ్చినావా?" అని నవ్వుతూ పలకరిస్తుంది. రాయడమంటే ప్రాణం మీదికొచ్చే పిల్లాడికి నేను రోజుకో టికెట్ చింపి ఇస్తున్నాను, రాతపని తప్పించుకుని ఆయమ్మతో కబుర్లు చెప్పుకోవడానికి. పైగా దానికి శిక్ష అని పేరు పెట్టాను.

దగ్గర కూర్చుని చూస్తే వాడు పెన్సిల్‌ను పిడికిలితో పట్టుకుంటున్నాడు. మిగతావాళ్లు ఐదు నిమిషాల్లో రాసే ఐదు లైన్లకు వాడికి పావుగంట పట్టేది.

వాడికి ఏం దొరుకుతోందో చూడండి

వారం పేజీ నిండాక, చివరి గడిని మళ్లీ మళ్లీ చదవండి. ఆ పని చేశాక పిల్లాడికి దక్కింది ఏమిటి? చాలామటుకు జవాబు మూడింట్లో ఒకటి. ఎవరో ఒకరు తనవైపు చూశారు, తిట్టడానికైనా సరే. లేదా, ఇష్టంలేని పని తప్పింది. లేదా, అడిగిన వస్తువు చేతికొచ్చింది. ఈ మూడూ కాకుండా చొక్కా కాలర్ నమలడం, కుర్చీ ఊపడం లాంటివి ఒంటికి హాయిగా ఉండి చేసేవి. వాటిని చాలావరకు వదిలేయొచ్చు.

పేజీ చూసినా తేలకపోతే ఇంకో దారి ఉంది. వియన్నాలో పుట్టి తర్వాత షికాగోలో పనిచేసిన రుడాల్ఫ్ డ్రైకర్స్ అనే మానసిక వైద్యుడు చెప్పిన చిట్కా ఇది: పిల్లాడి మొహం చూడకండి, మీ లోపల ఏం కలుగుతోందో చూసుకోండి. ఈగ వాలినట్టు చిరాకు పుడుతుంటే వాడు మీ చూపు కోసం చేస్తున్నాడు. "నువ్వో నేనో తేల్చుకుందాం" అని కోపం వస్తుంటే వాడిది పెత్తనం కోసం పోరు. మనసు చివుక్కుమంటే వాడికీ ఎక్కడో దెబ్బ తగిలింది, అది తిప్పికొడుతున్నాడు. "ఇంక వీడితో నావల్ల కాదు" అనిపిస్తే, వాడు కూడా తనవల్ల కాదని చేతులెత్తేశాడు. ఇది ప్రతిసారీ సరిపోతుందని నేను అనను కానీ, చిరాకుకీ కోపానికీ తేడా గుర్తుపట్టడం మాత్రం నాకు చాలాసార్లు పనికొచ్చింది.

ముందరి గడిని మార్చండి

గొడవ అయ్యాక చేసేదానికంటే, కాకముందు చేసేది తేలిక. మా మూడో తరగతి వాడికి నేను చేసినవి రెండే. ఐదు లైన్లలో మూడే రాయమన్నాను, మిగతావి నోటితో అప్పజెప్పించుకున్నాను. డెస్క్ మీద ఒక ఎర్ర అట్టముక్క పెట్టి, చెయ్యి నొప్పెడితే అది తిప్పి పెట్టి వెళ్లి నీళ్లు తాగి రావచ్చన్నాను. అంటే జడ లాగకుండానే బయటికి వెళ్లే దారి చూపించాను. మొదటి రోజు ఏడుసార్లు వెళ్లాడు. రెండో వారానికి రోజుకు రెండుసార్లయింది. పెన్సిల్ పట్టు దిద్దడానికి మాత్రం ఆ ఏడాదంతా పట్టింది.

ఇంట్లో ముందరి గడి అంటే ఎక్కువగా మనం చెప్పే తీరు. వంటింట్లోంచి హాల్లోకి కేక వేసి చెప్పింది చెప్పినట్టు కాదు. పొయ్యి తగ్గించి, దగ్గరికి వెళ్లి, వాడి ఎత్తుకు వంగి, పేరు పెట్టి పిలిచి, ఒక్క మాట చెప్పండి. "బ్యాగు సర్ది, షూ తీసి, చేతులు కడుక్కుని, యూనిఫామ్ మార్చుకుని రా" అంటే ఐదేళ్ల వాడి చెవిలో చివరి ముక్క మాత్రమే మిగులుతుంది. చేయకూడనిది కాకుండా చేయాల్సింది చెప్పండి. "పరిగెత్తొద్దు" అనేకంటే "నడువు" అనడం నయం. చెప్పాక మనసులో ఐదు లెక్కపెట్టండి, మళ్లీ చెప్పకండి. టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను కూడా సరిగా ఆగరని అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో క్లాసుల్లో కూర్చుని లెక్క తీశారు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు కూడా నోరు విప్పారు. ఇల్లు కూడా అంతే. మనం రెండోసారి అరిచే తొందరలో, వాడు లేవబోతున్నది గమనించం.

ఇక మన మాటల్లోనే ఉన్న రెండు చిక్కులు. మొదటిది "స్నానం చేద్దామా నాన్నా?" అనే తీయటి ప్రశ్న. అడిగారు కాబట్టి వాడు "వద్దు" అంటాడు. వద్దనే హక్కు ఇచ్చి, వద్దన్నందుకు కోప్పడతాం. చేయక తప్పని పనిని ప్రశ్నగా అడగకండి. అడగాలనిపిస్తే ఎంచుకునేలా అడగండి: "ముందు పళ్లు తోముకుంటావా, ముందు స్నానమా?" రెండూ జరగాల్సినవే, వరస మాత్రం వాడిష్టం.

రెండోది "తే", "ఆక"ల తేడా. "అన్నం తింటే కార్టూన్ పెడతా" అన్నామంటే బేరం మొదలైనట్టే. "నాలుగు ముద్దలు తింటే?" "సగం తింటే?" అని వస్తాడు. "అన్నం తిన్నాక కార్టూన్" అంటే అందులో బేరం ఆడటానికి ఏమీ లేదు, అది వరస అంతే. సోమవారం తర్వాత మంగళవారం వచ్చినట్టు. ఇష్టంలేని పని ముందు, ఇష్టమైన పని వెనక అన్నదాన్ని డేవిడ్ ప్రిమాక్ అనే సైకాలజిస్టు ప్రయోగాలు చేసి చూపించాడు, అందుకే ప్రిమాక్ సూత్రం అంటారు. మన అవ్వలకు ఆ ప్రయోగాలతో పనిలేకుండానే తెలుసు. నేను ఇంట్లో "తే" మానేసి "ఆక" వాడటం మొదలుపెట్టినప్పుడు మా ఆయన నవ్వారు. రెండు వారాల తర్వాత ఆయన కూడా అలాగే మాట్లాడుతున్నారు.

ఆట ఆపించడానికి కూడా ముందే ఒక మాట వేయండి. పార్కులో ఉన్నట్టుండి చెయ్యి పట్టుకుని లాక్కొస్తే ఏడవకుండా ఎవరుంటారు? "ఇంకో రెండుసార్లు జారు, తర్వాత వెళ్లిపోదాం" అనండి. ఐదు నిమిషాలంటే చిన్నవాళ్లకు తెలియదు, రెండుసార్లంటే తెలుస్తుంది. రెండు అన్నారంటే రెండే.

వెనక గడిని మార్చండి

ఇక్కడే అందరూ జారిపడతారు, నాతో సహా.

మా అత్తమ్మ మదనపల్లె నుంచి వచ్చి మూడు నెలలున్నప్పటి సంగతి. మావాడికి అప్పుడు నాలుగేళ్లు. ఫోన్ చేతిలో లేకపోతే ముద్ద దిగేది కాదు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు స్క్రీన్ రోజుకు గంట మించకూడదని, తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మా ఇంట్లో ఒక్క రాత్రి భోజనానికే ఆ గంట అయిపోయేది. ఆపుదామని మొదలుపెట్టాను. వాడు ఏడిచాడు. పది నిమిషాలు ఆగాను, పదిహేను ఆగాను, ఇరవయ్యో నిమిషంలో అత్తమ్మ "బిడ్డ ఆకలితో పడుకుంటాడమ్మా, ఇచ్చేయి" అంది. ఇచ్చేశాను. ఆ రాత్రి వాడు నేర్చుకున్నది ఇది: ఇరవై నిమిషాలు ఏడవాలి.

బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికా సైకాలజిస్టు పావురాల మీద చేసిన ప్రయోగాల్లో తేలిందీ ఇదే. మీట పొడిచిన ప్రతిసారీ గింజ పడే పావురం, గింజలు ఆగిపోతే తొందరగా మానుకుంటుంది. అప్పుడప్పుడూ మాత్రమే పడే పావురం చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. నాలుగు రోజులు కాదని ఐదో రోజు ఇచ్చేయడం కంటే, మొదటి నిమిషంలోనే ఇచ్చేయడం నయం. నిలబడగలిగే చోటే "కాదు" అనండి.

రెండోసారి పద్ధతిగా మొదలుపెట్టాను. వాడు ఏడవని టైములో, మధ్యాహ్నం, చెప్పాను: "ఈ రాత్రి నుంచి అన్నం దగ్గర ఫోన్ ఉండదు. అవ్వ కథ చెబుతుంది." అత్తమ్మను బతిమాలి ఆ పని అప్పగించాను. పని చేతిలో ఉంటే ఆవిడకూ వాడి ఏడుపు ఓర్చుకోవడం తేలికైంది. ఫోన్లు రెండూ కందిపప్పు డబ్బా వెనక. మొదటి రాత్రి నలభై నిమిషాలు ఏడిచాడు. రెండో రాత్రి ఇంకా ఎక్కువ, కంచం కూడా తోసేశాడు. ఇది మీకు ముందే తెలియాలి: ఇదివరకు పనిచేసింది పనిచేయడం మానేస్తే, పిల్లలు మానే ముందు ఒకసారి గట్టిగా ప్రయత్నిస్తారు. అది చూసి "ఈ పద్ధతి మనవాడికి పనికిరాదు" అని సగంలో వదిలేసేవాళ్లే ఎక్కువ. నాలుగో రాత్రికి పది నిమిషాలైంది. వారం తిరిగేసరికి వాడి గొడవల్లా అవ్వ చెప్పిన కథే మళ్లీ చెబుతోందని.

చిన్న చిన్న చేష్టలు, అంటే వెక్కిరించడం, గొణగడం, టేబుల్ కొట్టడం లాంటివి మన చూపు కోసమైతే, చూపు ఇవ్వకండి. కానీ అది సగం పనే. ఆపిన మరుక్షణం చూపు ఇవ్వాలి. "గుడ్ బాయ్" అనడం కాదు, ఏం చేశాడో చెప్పండి: "చెల్లి బొమ్మ తిరిగి ఇచ్చావు, చూశాను." 1998లో క్లాడియా ముల్లర్, కెరొల్ డ్వెక్ అనే సైకాలజిస్టులు ఐదో తరగతి పిల్లలతో చేసిన అధ్యయనంలో "నువ్వు తెలివైనవాడివి" అని మెచ్చుకున్నవాళ్లు తర్వాత కష్టమైన పజిళ్ల జోలికి పోవడానికి వెనకాడారు. "బాగా కష్టపడ్డావు" అనిపించుకున్నవాళ్లు వాటినే ఎంచుకున్నారు. మన ఇళ్లలో ఇంకో అలవాటుంది. బుద్ధిగా ఆడుకుంటుంటే "హమ్మయ్య, ఇప్పుడు కదిలించొద్దు" అని మెల్లగా తప్పుకుంటాం. కదిలించాల్సింది అప్పుడే. భుజం మీద చెయ్యి వేసి వెళ్లినా చాలు.

శిక్ష ఏదైనా ఉంటే అది చేసిన పనికి అతుక్కుని ఉండాలి. నీళ్లు ఒలకబోస్తే గుడ్డ తెచ్చి తుడవాలి. గోడ మీద రాస్తే చెరపాలి. ఆదివారం లాల్‌బాగ్ ప్రయాణం రద్దు చేయడానికీ మంగళవారం హోంవర్క్‌కీ సంబంధం ఏమిటో ఏడేళ్ల బుర్రకు అందదు. వాడికి అందేది మీకు కోపమొచ్చిందని మాత్రమే. చేయలేని బెదిరింపులు, "హాస్టల్లో పడేస్తా", "పోలీసు పట్టుకెళతాడు" లాంటివి, మొదటి రెండుసార్లే పనిచేస్తాయి. నిజంగా తప్పిపోతే పోలీసు దగ్గరికి వెళ్లాల్సిన పిల్లలకు పోలీసంటే భయం నూరిపోయడం ఏం తెలివి?

కొట్టడం సంగతి

"దండం దశగుణం భవేత్" అని ఒక తాతగారు నాకే శ్లోకం అప్పజెప్పారు. బడిలో అయితే ఇది నా ఇష్టమూ కాదు, మీ ఇష్టమూ కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. తల్లిదండ్రులు సరేనన్నా అది కుదరదు. ఇంటి సంగతికి నా అనుభవమే చెబుతాను. ఒక పొద్దున మావాడు షూ లేసులు కట్టుకోనని భీష్మించుకుంటే, బస్సు హారన్ వినపడుతున్న టెన్షన్‌లో చెయ్యి చేసుకున్నాను. ఎడమ భుజం మీద. లేసులు కట్టుకున్నాడు. కొట్టడం పనిచేసిందనుకున్నాను. ఆ సాయంత్రం వాళ్ల చెల్లి మాట వినలేదని అదే భుజం మీద, అదే ఊపుతో వేశాడు. రాత్రి వాడి పక్కన కూర్చుని "పొద్దున నిన్ను కొట్టడం నా తప్పు" అన్నాను. వాడు కాసేపాగి, "బస్సు మిస్ అయ్యేది కదా" అని నన్నే సముదాయించాడు.

పిల్లాడు నేల మీద పడి దొర్లుతున్నప్పుడు నీతిబోధ పెట్టకండి, ఆ టైములో ఏదీ తలకెక్కదు. తగిలే వస్తువులు పక్కకు జరిపి, దగ్గర్లో కూర్చుని, తక్కువ గొంతుతో "కోపమొచ్చింది. నేను ఇక్కడే ఉన్నా" అనండి. అంతే. ఇతరులను కొడుతుంటే చేతులు పట్టుకుని ఆపండి, తిరిగి కొట్టకండి. మాల్‌లోనో పెళ్లిలోనో అయితే ఎత్తుకుని బయటికి వచ్చేయండి. చుట్టాలు ఏమనుకుంటారన్నది తర్వాత చూసుకోవచ్చు. చల్లబడ్డాక, నీళ్లు తాగాక, రెండు మాటలు: ఏం జరిగింది, ఈసారి ఏం చేద్దాం.

ఎవరూ కంప్లయింట్ చేయని పిల్లలు

అల్లరి లేని పిల్లల పేరు ఏ నోట్‌బుక్‌లోనూ ఉండదు. యూకేజీలో ఒక పాప జూన్‌లో కర్నూలు నుంచి వచ్చింది. ఇంట్లో తెలుగు, క్లాసులో ఇంగ్లిష్, ఆటస్థలంలో కన్నడ, బస్సులో హిందీ. దసరా సెలవులు దాటినా నోరు విప్పలేదు. "పొగరు", "మొద్దు" అన్న మాటలు స్టాఫ్ రూమ్‌లో నా చెవిన పడ్డాయి. కొత్త భాషలో పడిన పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు, వింటూ ఉండిపోతారు. గమనించాల్సింది ఇది: ఆడుతోందా, చెప్పింది అర్థమై చేస్తోందా, చెయ్యి చూపించి అయినా అడుగుతోందా? ఈ మూడూ ఉంటే ఆగండి. లేచి నిలబడి మాట్లాడమని బలవంతం పెట్టడం మానేసి, క్రేయాన్లు పంచే పని ఇచ్చాను. తల ఊపి చెప్పగలిగే ప్రశ్నలే అడిగాను. నవంబర్‌లో ఒకబ్బాయి ఎర్ర క్రేయాన్ లాక్కోబోతే, క్లాసంతా వినపడేలా "బేడా!" అంది. కన్నడంలో వద్దని. ఆ పాప నోట బడిలో విన్న మొదటి మాట అదే.

వాళ్లమ్మకు ఎవరో ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడమని సలహా ఇచ్చారట. నేను గట్టిగా వద్దన్నాను. భయమేసినా బాధ కలిగినా చెప్పుకోవడానికి పిల్లకు ఒక భాష నిండుగా ఉండాలి. అయితే ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల, బడి భాష అర్థమయ్యాక కూడా అక్కడ నెలల తరబడి ఒక్క మాటా మాట్లాడకపోతే అది వేరే సంగతి. నిపుణులకు చూపించాలి.

అందరిదీ ఒకే మాట

మీరు పద్ధతి మార్చాక ఇంట్లో ఒకరు ఇంకోలా చేస్తే పని సగంలో ఆగుతుంది. ఒకే ఒక్క నియమం ఎంచుకుని, అది ఏ మాటల్లో చెప్పాలో కూడా అనుకోండి. "చేతులు ఎవరి మీదా వేయకూడదు" అన్నది అమ్మ, నాన్న, అవ్వ, పనికొచ్చే అక్క, టీచరు ఒకేలా అనాలి. టీచరుకు డైరీలో "ఏమైనా ఉంటే చెప్పండి" అని రాయకండి, మేం ఏం చెప్పాలి? "ఈ రెండు వారాలు మావాడు ఎవరినైనా తోస్తే, అప్పుడు క్లాసులో ఏం జరుగుతోందో ఒక్క లైను రాయగలరా?" అని అడగండి. ముప్పై ఐదు మంది ఉన్న క్లాసులో కూడా ఒక్క లైను రాయడం మాకు కష్టం కాదు.

ఎప్పుడు సాయం అడగాలి

కుదురులేకపోవడం, ధ్యాస నిలవకపోవడం ఇంట్లోనూ బడిలోనూ రెండుచోట్లా ఆరు నెలలకు మించి ఉంటే, వచ్చిన మాటలు పోతుంటే, తనను తాను గాయపరచుకుంటుంటే, మంచి హుషారుగా ఉండే పిల్ల ఉన్నట్టుండి ముడుచుకుపోతే, నోట్‌బుక్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆ పేజీలు వాళ్లకు చాలా పనికొస్తాయి. హోసూరు రోడ్డులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో పిల్లలకూ, టీనేజీ వాళ్లకూ ప్రత్యేక విభాగం ఉంది. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. డబ్బులు కట్టనక్కర్లేదు. తెలుగులోనూ మాట్లాడొచ్చు. పిల్లను ఎవరైనా హింసిస్తున్నారన్న అనుమానం ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, రెండు వారాలు రాస్తూ కూర్చోవద్దు.

రెండు వారాలయ్యాక

మొదటి వారం ఎన్నిసార్లు, రెండో వారం ఎన్నిసార్లు అని లెక్కపెట్టండి. పదిహేను నుంచి ఎనిమిదికి దిగితే బాగా పనిచేస్తున్నట్టే, సున్నా కోసం చూడకండి. ఏమీ తగ్గకపోతే పిల్లాడిని అనకండి. వాడికి ఏం దొరుకుతోందని మీరు అనుకున్నారో అది తప్పయి ఉంటుంది. మళ్లీ చివరి గడి చదవండి. ఒకసారికి ఒక్క అలవాటే పట్టుకోండి. గోళ్లు కొరకడం, హోంవర్క్, చెల్లెలితో కొట్లాట అన్నీ ఒకే నెలలో మార్చాలనుకుంటే మీకే ఓపిక చాలదు.

నోట్‌బుక్ మాత్రం పిల్లల కంటపడకుండా పెట్టండి. మావాడు రెండో తరగతిలో ఉండగా నాది దొరకబుచ్చుకున్నాడు. వాడికి తెలుగు రాయడం రాదు. "బుధవారం 7.40, చెల్లిని తోశాడు" అన్న వరసలో, "ముందు ఏం జరుగుతోంది" అన్న గడి నేను ఖాళీగా వదిలేశాను. అందులో వంకర టింకర ఇంగ్లిష్ అక్షరాలతో రాసిపెట్టాడు: "అమ్మ ఫోన్ చూస్తోంది."